క్యాన్సర్ ఉన్నవాళ్లలో టీకాలు ఎంత పనిచేస్తాయి? శాతాల వెనక లెక్క

కీమో నడుస్తుండగా ఫ్లూ టీకా వేయించవచ్చా అని అడిగితే డే కేర్ వార్డులో పక్కపక్క మంచాల దగ్గరే రెండు జవాబులు వినిపిస్తాయి. "ఉన్న తెల్లకణాలే తక్కువ, ఇప్పుడు సూది వేయించుకుని ఏం లాభం?" అని ఒకరంటారు. "ఇలాంటివాళ్లకే కదా ముందు వేయాలి" అని ఇంకొకరు. రెండూ అబద్ధాలు కావు. మొదటివారు శరీరం టీకాకు ఎంత స్పందిస్తుందని ఆలోచిస్తున్నారు. రెండోవారు జబ్బు తగిలితే ఎంత నష్టమని ఆలోచిస్తున్నారు. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా వేసుకోవడం వల్లే గందరగోళమంతా.

ఇంకో చిక్కు మాటల్లోనే ఉంది. "క్యాన్సర్ టీకా" అని వార్తల్లో కనిపించేది చాలాసార్లు వేరే విషయం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ఒకటి. మూత్రాశయ క్యాన్సర్‌కు చికిత్సగా సంచిలోకి ఎక్కించే బీసీజీ ఇంకొకటి. ఇక్కడ మాట్లాడుకునేది వాటి గురించి కాదు. ఫ్లూ, నిమోనియా, సర్పి, కోవిడ్, హెపటైటిస్ బి లాంటి మామూలు టీకాలు, క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్ల ఒంట్లో ఎంతవరకు పట్టుకుంటాయన్నదే సంగతి.

## "పనిచేయడం" అంటే మూడు వేరు వేరు కొలతలు

మొదటి కొలత రక్తంలో యాంటీబాడీలు. టీకాకు ముందు, మూడు నాలుగు వారాల తర్వాత రక్తం తీసి చూస్తారు. ఫ్లూ విషయంలో 1:40 అనే స్థాయిని, అంటే రక్తపు సీరాన్ని 40 రెట్లు పలచన చేసినా వైరస్‌ను అడ్డుకునే స్థాయిని గీతగా పెట్టుకున్నారు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో ఆ స్థాయి ఉంటే ఫ్లూ వచ్చే అవకాశం సుమారు సగం తగ్గుతుందని లెక్క. హెపటైటిస్ బికి మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు గీత. కోవిడ్‌కు అందరూ ఒప్పుకున్న గీత లేదు. ఈ గీతలు గీసింది ఎక్కువగా ఆరోగ్యవంతుల రక్తం చూసి. క్యాన్సర్ రోగిలో 1:40 ఉంటే అదే రక్షణ దొరుకుతుందన్నది ఊహ మాత్రమే.

రెండో కొలత సామర్థ్యం. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి సూది వేసి, ఏ గుంపులో ఎంతమందికి జబ్బు వచ్చిందో లెక్కపెడతారు. గట్టి రుజువు ఇదే, క్యాన్సర్ రోగుల్లో అరుదైనదీ ఇదే.

మూడోది వాడుకలో ఫలితం. టీకా వేయించుకున్నవాళ్లు, వేయించుకోనివాళ్లు ఆ తర్వాత ఎలా ఉన్నారో ఆసుపత్రి రికార్డుల నుంచి చూస్తారు. ఇందులో ఒక ఉచ్చు ఉంది. టీకా వేయించుకునేవాళ్లు తరచూ కాస్త తిరగగలిగేవాళ్లు, డాక్టరు దగ్గరకు క్రమంగా వెళ్లేవాళ్లు. మంచం పట్టినవాళ్లకు టీకా ఊసే రాదు. అప్పుడు టీకా చేయని మేలు కూడా టీకా ఖాతాలో పడుతుంది.

దీన్ని తగ్గించడానికి ఒక పద్ధతి వాడతారు. జ్వరం, దగ్గుతో వచ్చి ఫ్లూ పరీక్ష చేయించుకున్నవాళ్లనే తీసుకుని, పాజిటివ్ వచ్చినవాళ్లను నెగటివ్ వచ్చినవాళ్లతో పోలుస్తారు. లెక్క తెలియడానికి కల్పిత అంకెలు వేసి చూద్దాం. పాజిటివ్ వచ్చినవాళ్లు 100 మంది, వాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు 30, వేయించుకోనివాళ్లు 70. నెగటివ్ 400 మంది, వాళ్లలో వేయించుకున్నవాళ్లు 160, వేయించుకోనివాళ్లు 240. మొదటి గుంపులో 30ని 70తో భాగిస్తే 0.43. రెండో గుంపులో 160ని 240తో భాగిస్తే 0.67. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.64. ఒకటిలోంచి తీసేస్తే 0.36, అంటే టీకా ఫలితం 36 శాతం. ఇద్దరూ ఆసుపత్రికి రాగలిగినవాళ్లే కాబట్టి పైన చెప్పిన ఉచ్చు కొంత వదులవుతుంది, పూర్తిగా కాదు.

ఒకే టీకా గురించి ఒకచోట "90 శాతం", ఇంకోచోట "20 శాతం" అని చదివితే, ముందు అది వీటిలో ఏ కొలతో చూడాలి. రెండు వార్తలూ నిజమే అయి ఉండవచ్చు.

## సూది నుంచి యాంటీబాడీ దాకా: దారి ఎక్కడ తెగుతుంది

టీకాలోని పదార్థాన్ని చర్మం, కండరంలోని కాపలా కణాలు పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి తీసుకెళతాయి. చేతికి సూది వేస్తే చంకలోని గ్రంథికి. అక్కడ సహాయక టి కణాలు మేలుకుని బి కణాలను ఉసిగొల్పుతాయి. బి కణాలు రెండు మూడు వారాలపాటు వేగంగా రెట్టింపవుతూ, కొన్ని ప్లాస్మా కణాలుగా మారి ఎముక మజ్జలో స్థిరపడి యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి.

కీమో మందులు చంపేది వేగంగా రెట్టింపయ్యే కణాలను. టీకాకు స్పందించే కణాలు సరిగ్గా ఆ పనిలోనే ఉంటాయి, కాబట్టి కీమో మధ్యలో వేసిన టీకాకు స్పందన తగ్గుతుంది, కానీ సున్నా కాదు. రిటుక్సిమాబ్ లాంటి మందుల కథ వేరు. అవి సీడీ20 అనే గుర్తు ఉన్న ప్రతి బి కణాన్నీ తుడిచేస్తాయి. చివరి డోసు తర్వాత కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా బి కణాలు సరిగా తిరిగి రావు. ప్లాస్మా కణాల మీద ఆ గుర్తు ఉండదు కాబట్టి చిన్నప్పటి టీకాలతో వచ్చిన పాత యాంటీబాడీలు చాలావరకు నిలుస్తాయి. కొత్త పాఠం మాత్రం ఎక్కదు.

కొన్ని క్యాన్సర్లలో అసలు జబ్బే ఈ దారిలో ఉంటుంది. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే రక్తపు క్యాన్సర్‌లో చెడిపోయింది బి కణమే. మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌లో ప్లాస్మా కణాలు పనికిరాని ఒకే రకం యాంటీబాడీని కుప్పలుగా పోస్తూ మంచివాటికి చోటు లేకుండా చేస్తాయి. ఇలాంటివాళ్లు ఇంకా ఏ మందూ మొదలుపెట్టకపోయినా టీకాకు స్పందన తక్కువే. మరోవైపు రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలు మాత్రమే వాడుతున్న మనిషి ఒంట్లో ఈ దారి దాదాపు చెక్కుచెదరదు. రికార్డులో ఇద్దరూ "క్యాన్సర్ రోగులే". టీకా దృష్టిలో ఇద్దరికీ పోలికే లేదు.

ఇక "తెల్లకణాలు తక్కువ" అన్న మాట. కీమో తర్వాత రిపోర్టులో పడిపోయేది, డాక్టర్లు కంగారుపడేది ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ గురించి. బ్యాక్టీరియాతో ముఖాముఖి పోరాడేవి అవి. టీకాను నేర్చుకునేవి లింఫోసైట్లు. న్యూట్రోఫిల్స్ తక్కువ ఉన్నంత మాత్రాన టీకా వృథా అనడానికి లేదు. అయినా ఆ రోజుల్లో సూది వాయిదా వేయడానికి వేరే కారణం ఉంది. టీకాతో ఒకరోజు జ్వరం రావచ్చు. కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య, కణాలు అడుగంటిన సమయంలో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే అది టీకా జ్వరమా, ప్రాణం తీసే ఇన్ఫెక్షనా అని ఇంట్లో తేల్చలేరు. ఆసుపత్రిలో చేర్చి యాంటీబయాటిక్ ఎక్కించాల్సిందే.

## కోవిడ్ చెప్పిన పాఠం: జబ్బు పేరు కంటే మందు పేరు ముఖ్యం

కోవిడ్ ముందు ఈ రంగంలో అధ్యయనాలు చిన్నవి. 2021లో ఒక్కసారిగా వేలమంది క్యాన్సర్ రోగులకు ఒకే కొత్త టీకా పడింది, చాలామంది రక్తం పరీక్షించారు. లండన్‌లో ఫైజర్ టీకా ఒక డోసు తర్వాత సుమారు మూడు వారాలకు చూస్తే యాంటీబాడీలు వచ్చినవాళ్లు ఆరోగ్యవంతుల్లో 94 శాతం, రొమ్ము, పేగు, ఊపిరితిత్తి లాంటి గడ్డ క్యాన్సర్లలో 38 శాతం, రక్తపు క్యాన్సర్లలో 18 శాతం. 21వ రోజు రెండో డోసు ఇచ్చిన గడ్డ క్యాన్సర్ రోగుల్లో అది 95 శాతానికి ఎగబాకింది. ఒక్క డోసుతో ఆపి ఉంటే "క్యాన్సర్‌లో టీకా పనిచేయదు" అనే తీర్పు వచ్చేది.

న్యూయార్క్‌లో టీకా పూర్తిచేసిన 200 మందిని చూస్తే గడ్డ క్యాన్సర్లలో 98 శాతానికి, రక్తపు క్యాన్సర్లలో 85 శాతానికి యాంటీబాడీలు వచ్చాయి. సీడీ20 మందులు వాడినవాళ్లలో 70 శాతం. ఇజ్రాయెల్‌లో క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా ఉన్నవాళ్లను మాత్రమే తీసుకున్న అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. మొత్తమ్మీద స్పందించినవాళ్లు 39.5 శాతం. బి కణాల పనిని అడ్డుకునే ఇబ్రుటినిబ్ తరహా మాత్రలు వాడుతున్నవాళ్లలో 16 శాతం. చికిత్స ముగించి జబ్బు పూర్తిగా అణిగినవాళ్లలో 79 శాతం. గత 12 నెలల్లో సీడీ20 మందు తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు. జబ్బు పేరు ఒకటే, ఫలితం సున్నా నుంచి 79 దాకా.

ఈ సంగతి అంతకుముందూ ఒకసారి బయటపడింది. 2009 స్వైన్ ఫ్లూ టీకాను నార్వేలో రిటుక్సిమాబ్ తీసుకుంటున్న, లేదా తీసుకుని ఆరు నెలలు దాటని 67 మంది లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) రోగులకు వేస్తే రక్షణ స్థాయి ఒక్కరికీ రాలేదు. ఆరోగ్యవంతుల్లో 82 శాతానికి వచ్చింది.

అయితే యాంటీబాడీ రాకపోతే టీకా మొత్తం వృథా అనడం తొందరపాటే. టి కణాలు వేరే దారిన నేర్చుకుంటాయి. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన రక్తపు క్యాన్సర్ రోగుల్లో, సీడీ8 టి కణాలు (వైరస్ సోకిన కణాలను చంపేవి) బాగా ఉన్నవాళ్లు బతికి బయటపడే అవకాశం ఎక్కువని అమెరికా పరిశోధకులు గమనించారు. బి కణాలు లేనివాళ్లలో కూడా ఇది కనిపించింది. మామూలు ల్యాబుల్లో ఈ టి కణాల స్పందనను కొలవరు, కాబట్టి రిపోర్టులో ఆ మేలు కనపడదు.

మన పాఠకులు ఒకటి పట్టించుకోవాలి. ఈ అంకెల్లో ఎక్కువభాగం ఫైజర్ లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలవి. మన దగ్గర ఎక్కువమందికి పడింది కోవిషీల్డ్, హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్, కోర్బెవ్యాక్స్. మందుల వల్ల వచ్చే తేడాల వరస వీటికీ వర్తిస్తుంది, శాతాలను యథాతథంగా తెచ్చి అతికించలేం.

## సర్పి టీకా: 97 కంటే 68 ఎందుకు ఎక్కువ

ఒంటికి ఒకవైపు పట్టీలా పొక్కులు, మంట, నెలల తరబడి నొప్పి మిగిల్చే సర్పి, చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం వల్ల వస్తుంది. రక్తపు క్యాన్సర్లలో, మజ్జ మార్పిడి తర్వాత ఇది చాలా ఎక్కువ. పాత టీకా జీవించి ఉన్న వైరస్‌తో చేసింది, ఇలాంటివాళ్లకు పనికిరాదు. 2020లో అమెరికాలో దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. షింగ్రిక్స్ అనే కొత్త టీకాలో వైరస్ ఉండదు. దాని పైపొర ప్రొటీన్ ఒకటి, రోగనిరోధక వ్యవస్థను గట్టిగా తట్టిలేపే సహాయక పదార్థం ఒకటి ఉంటాయి. 2023 నుంచి భారత్‌లోనూ దొరుకుతోంది, ఖరీదే.

దీనికి మాత్రం క్యాన్సర్ రోగుల్లోనే ఉత్తుత్తి సూదితో పోల్చిన పెద్ద ప్రయోగాలు ఉన్నాయి. అందుకే ఈ మొత్తం చర్చలో ఎక్కువ నమ్మకంగా మాట్లాడగలిగేది దీని గురించే.

50 ఏళ్లు దాటిన మామూలు వాళ్లలో సామర్థ్యం 97.2 శాతం. రక్తపు క్యాన్సర్ ఉన్నవాళ్లలో 87 శాతం. సొంత మజ్జ కణాలతో మార్పిడి చేయించుకున్న 50 నుంచి 70 రోజుల తర్వాత మొదటి డోసు వేసినవాళ్లలో 68 శాతం. శాతాలే చూస్తే 97 నుంచి 68కి దిగజారినట్టుంది. ఇప్పుడు తలల లెక్క చూద్దాం.

మామూలు పెద్దవాళ్లలో టీకా లేనప్పుడు ఏడాదికి వెయ్యిమందిలో సుమారు 9 మందికి సర్పి వచ్చింది, టీకాతో ఒక్కరికంటే తక్కువకు. అంటే వెయ్యిమందికి వేస్తే ఏడాదిలో సుమారు 9 మంది తప్పించుకున్నారు. మజ్జ మార్పిడి గుంపులో టీకా లేనివాళ్లలో ఏడాదికి వెయ్యికి 94 మందికి వచ్చింది, టీకా పడ్డవాళ్లలో 30 మందికి. తప్పించుకున్నవాళ్లు 64 మంది. ఒక కేసు ఆపడానికి మామూలు వాళ్లలో సుమారు 114 మందికి వేయాలి, మార్పిడి చేయించుకున్నవాళ్లలో 16 మందికి చాలు. తక్కువ శాతం చూపించిన గుంపులోనే మేలు ఏడు రెట్లు.

శాతం చెప్పేది ఉన్న ముప్పులో ఎంత వంతు తగ్గిందని. ముప్పు ఎంత పెద్దదో అది చెప్పదు.

దీనికీ కొన్ని ఇబ్బందులున్నాయి. సూది పడ్డ చెయ్యి రెండు రోజులు బాగా నొప్పి పెడుతుంది, ఒళ్లు నొప్పులు, జ్వరం మామూలే. రెండు డోసుల మధ్య మామూలుగా రెండు నుంచి ఆరు నెలలు ఉంచుతారు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఒకటి రెండు నెలలకే ఇవ్వవచ్చు. గడ్డ క్యాన్సర్లలో కీమో మొదలయ్యే ముందు మొదటి డోసు పడ్డవాళ్లకు యాంటీబాడీలు, కీమో రోజునే పడ్డవాళ్లకంటే బాగా వచ్చాయి.

## ఫ్లూ టీకా: తక్కువ శాతం, తెగని వాదన

కెనడాలోని ఒంటారియోలో 2010–11 నుంచి 2015–16 దాకా ఫ్లూ పరీక్ష చేయించుకున్న 26 వేల మందికి పైగా క్యాన్సర్ రోగుల రికార్డులు తీసి, పైన చెప్పిన పాజిటివ్, నెగటివ్ పద్ధతిలో లెక్కించారు. మొత్తం ఫలితం 21 శాతం. గడ్డ క్యాన్సర్లలో 25, రక్తపు క్యాన్సర్లలో 8. కీమో అప్పట్లో నడుస్తోందా లేదా అన్నది పెద్ద తేడా చూపలేదు. రక్తపు క్యాన్సర్ల 8 శాతం, అసలు ఫలితం ఉందని గట్టిగా చెప్పలేనంత చిన్నది.

ఇక్కడ రెండు పక్షాలున్నాయి, రెండూ బాధ్యతగా మాట్లాడేవే. ఒక పక్షం అనేది: క్యాన్సర్ రోగుల్లో ఫ్లూ టీకా మరణాలను తగ్గిస్తుందనడానికి ప్రయోగాల రుజువు పలచన. ఉన్నవి ఎక్కువ రికార్డుల అధ్యయనాలు, వాటిలో తిరగగలిగేవాళ్ల పక్షపాతం ఉంటుంది. రెండో పక్షం అనేది: టీకాతో హాని స్వల్పం, ఫ్లూతో ఆసుపత్రి పాలయ్యే అవకాశం వీళ్లలో ఎక్కువ, కీమో ఒక సైకిల్ (విడత) ఆలస్యమైనా నష్టమే. టీకా మంచిదని సూచనలు ఉన్నాక ఉత్తుత్తి సూదితో పెద్ద ప్రయోగం చేయడం నైతికంగా కుదరదు, కాబట్టి ఆ రుజువు ఎన్నటికీ రాకపోవచ్చు. అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ రెండో పక్షం వైపే నిలిచాయి. సర్పి లెక్కలో చూసిన తర్కమే ఇక్కడా వర్తిస్తుంది, కాకపోతే కింద ఉన్న అంకెలు అంత గట్టివి కావు.

స్పందన పెంచడానికి మామూలు 15 మైక్రోగ్రాములకు బదులు ఒక్కో రకానికి 60 మైక్రోగ్రాములు ఉండే ఎక్కువ మోతాదు టీకా, లేదా ఒకే సీజన్‌లో రెండు డోసులు ప్రయత్నించారు. యాంటీబాడీలు పెరిగాయి. జబ్బు ఎంత తగ్గిందన్నదానికి సాక్ష్యం సన్నగానే ఉంది.

మన ప్రాంతానికి ఇంకో మెలిక ఉంది. పాశ్చాత్య సలహాల్లో ఫ్లూ టీకా అంటే సెప్టెంబరు, అక్టోబరు. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి లేస్తుంది. వానలకు ముందు దొరికేది దక్షిణార్ధగోళపు టీకా, శీతాకాలం ముందు వచ్చేది ఉత్తరార్ధగోళపుది. అమెరికాలో ఉన్న పిల్లలు చెప్పిన నెల ప్రకారం ఊళ్లో ఉన్న తండ్రి అక్టోబరు దాకా ఆగితే వానాకాలం ఉత్త చేతులతో గడిచిపోతుంది.

## నిమోనియా టీకా: వరస తప్పితే ఏమవుతుంది

నిమోకాకస్ బ్యాక్టీరియాకు రెండు జాతుల టీకాలున్నాయి. 23 రకాలను కలిపే పాత టీకాలో ఉండేది ఆ బ్యాక్టీరియా చక్కెర పైపొర మాత్రమే. ఉత్త చక్కెరను టి కణాలు గుర్తించవు. బి కణాలే ఒంటరిగా స్పందిస్తాయి, జ్ఞాపకం మిగలదు. రెండో జాతిలో (13, 15, 20 రకాలవి) ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికిస్తారు. ప్రొటీన్‌ను చూసి టి కణాలు లేస్తాయి, పాఠం గట్టిగా పడుతుంది. స్వీడన్‌లో ఇంకా చికిత్స మొదలుకాని క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా రోగుల్లో ఈ రెండింటినీ పోలిస్తే, 23 రకాల చక్కెర టీకా కంటే 13 రకాల అతుకు టీకాకే స్పందన మెరుగ్గా వచ్చింది.

అందుకే అతుకు టీకా ముందు. ఆ తర్వాత కనీసం ఎనిమిది వారాలకు 23 రకాలది. 20 రకాల అతుకు టీకా వేస్తే రెండోది అక్కర్లేదు. వరస తిరగబడి చక్కెర టీకా ముందే పడితే, ఏడాది ఆగి అతుకు టీకా వేస్తారు. చక్కెర టీకా ఉన్న బి కణాలను ఖర్చుచేసి, వెంటనే వేసే తర్వాతి డోసుకు స్పందనను మందగింపజేస్తుంది.

ఈ టీకాకు పేరు తెచ్చిన నెదర్లాండ్స్ ప్రయోగంలో 65 దాటిన సుమారు 85 వేల మంది ఉన్నారు. టీకాలోని రకాల వల్ల వచ్చే నిమోనియా 45.6 శాతం తగ్గింది. రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. క్యాన్సర్ రోగికి ఆ 45.6 శాతం చూపించి నమ్మబలకడం సరికాదు.

## ఎప్పుడు వేస్తే పట్టుకుంటుంది: ఒక క్యాలెండర్ వేసి చూస్తే

2024లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం అన్నిటికంటే మంచి సమయం చికిత్స మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు. అది కుదరకపోతే నిర్జీవ టీకాలను కీమో మధ్యలో కూడా వేయవచ్చు. సైకిల్‌లో ఏ రోజన్నదానిపై మాత్రం అధ్యయనాలు కలవవు. రొమ్ము క్యాన్సర్ కీమోలో నాలుగో రోజు వేసిన ఫ్లూ టీకా 16వ రోజుదానికంటే మెరుగ్గా ఉందని డచ్ వాళ్లు చూశారు. కొరియాలో మొదటి రోజును, 11వ రోజును పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. రోజు కుదరలేదని టీకా మానేయడానికి ఈ సాక్ష్యం చాలదు.

లింఫోమాకు రిటుక్సిమాబ్‌తో కలిపి 21 రోజులకోసారి ఆరు సైకిళ్లు ఇచ్చే చికిత్స జూన్ 1న మొదలైందనుకుందాం. మిగతా సైకిళ్లు జూన్ 22, జూలై 13, ఆగస్టు 3, ఆగస్టు 24, సెప్టెంబరు 14. చివరి డోసు నుంచి ఆరు నెలలు కలిపితే మార్చి 14. అంటే వానాకాలపు ఫ్లూ, శీతాకాలపు ఫ్లూ రెండూ బి కణాలు లేని కాలంలోనే వచ్చిపోతాయి. మే రెండో వారంలో జబ్బు తేలినప్పుడే, చికిత్సకు రెండు వారాల ముందు ఒక సూది పడి ఉంటే ఆ ఏడాదికి కొంత ఆసరా ఉండేది. జబ్బు ముదురుతుంటే మాత్రం టీకా కోసం కీమో ఆపరు, ఆపకూడదు కూడా. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లోవాళ్లు వేయించుకున్న టీకాలే ఆ మనిషికి గోడ. ఇంకా ఆరు నెలలు కాలేదని ఫ్లూ సీజన్‌లో సూది మానరు, టి కణాల మీద ఆశతో వేస్తారు. నిమోనియా, హెపటైటిస్ బి లాంటి తొందరలేనివాటిని ఆగి వేస్తే ఎక్కువ పట్టుకుంటాయి.

మజ్జ మార్పిడి అయినవాళ్లది మళ్లీ పసిబిడ్డ లెక్క. పాత రక్షణ చాలావరకు చెరిగిపోతుంది. ఆరు నుంచి 12 నెలల మధ్య ధనుర్వాతంతో సహా అన్నీ మొదటి నుంచి వేసుకుంటూ వస్తారు. తట్టు టీకా లాంటి సజీవ టీకాలు రెండేళ్లు దాటాకే.

## భయాలు: ఏవి నిజం, ఏవి కావు

నిర్జీవ టీకా ఆ జబ్బును తెచ్చిపెట్టలేదు. సజీవ టీకాలు (తట్టు–గవదబిళ్లల టీకా, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్, ముక్కులో వేసే ఫ్లూ టీకా, బీసీజీ, నోటి టైఫాయిడ్ గుళికలు) కీమో నడుస్తుండగా, ముగిశాక కనీసం మూడు నెలల దాకా ఇవ్వరు. హైదరాబాద్‌లో తయారయ్యే టైఫాయిడ్ అతుకు టీకా సూది నిర్జీవం, దానికి ఈ నిషేధం లేదు.

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక వ్యవస్థను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) మీద ఉన్నవాళ్లలో ఫ్లూ టీకా రోగనిరోధక వ్యవస్థను మరీ రెచ్చగొడుతుందేమోనన్న అనుమానం ఒకప్పుడు వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 23 మందిలో సగానికి పైగా దుష్ప్రభావాలు కనిపించాయి. తర్వాత న్యూయార్క్‌లో 370 మందిని చూస్తే 20 శాతమే, అది ఆ మందులతో మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువేమీ కాదు. 23 మంది అధ్యయనం మీద అంత భయం పెరగడం, చిన్న అంకెలతో వచ్చే చిక్కుకు మంచి ఉదాహరణ.

రొమ్ము క్యాన్సర్‌లో చంక గ్రంథులు తీసిన వైపు చేతికి కాక రెండో చేతికి వేస్తారు. టీకా తర్వాత చంకలో గ్రంథి ఉబ్బడం మామూలే. పెట్ స్కాన్‌లో అది వెలిగి, క్యాన్సర్ పాకిందన్న కంగారు పుట్టిస్తుంది. తొందరలేని స్కాన్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం, ఏ చేతికి ఏ తేదీన వేశారో స్కాన్ చేసేవాళ్లకు చెప్పడం ఇందుకే. ప్లేట్‌లెట్లు తక్కువుంటే 23 గేజ్ లేదా అంతకంటే సన్న సూదితో వేసి, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచుతారు.

విదేశీ కరపత్రాల్లో అంతగా కనపడని ప్రశ్న మన ఇళ్లలో ఉంది. అమెరికాలో 2000 నుంచి పోలియో చుక్కలు లేవు. మన దగ్గర పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే నోట్లో చుక్కలు. అందులో ఉండేది సజీవ వైరస్, వారాలపాటు మలంలో వస్తుంది. రోటా చుక్కలూ అంతే. హైదరాబాద్‌లో తయారైన రోటావ్యాక్ 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంట్లో మజ్జ మార్పిడి అయిన తాత ఉంటే మనవడికి రోటా చుక్కలు మానరు, నాలుగు వారాలపాటు తాత ఆ బిడ్డ గుడ్డలు మార్చడు. పోలియోకు మాత్రం చుక్కల బదులు పూర్తిగా సూది టీకా ఇవ్వవచ్చా అని పిల్లల డాక్టరుతో మాట్లాడుకునే సందర్భం ఇదే.

## హెపటైటిస్ బి, రక్తపరీక్షలో కనిపించే అంకె

"నాకు టీకా పట్టిందా" అని పరీక్ష చేయించడం ఎక్కువ టీకాలకు అర్థం లేని పని. హెపటైటిస్ బి ఒక్కటే మినహాయింపు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు 10 యూనిట్లు దాటితే పట్టినట్టు. దాటకపోతే మళ్లీ ఒక వరస వేస్తారు.

ఇక్కడ టీకా కంటే ముందు రావాల్సింది ఒకటుంది. వైరస్ ముందే ఒంట్లో నిద్రపోతుంటే టీకా దాన్నేమీ చేయదు. కీమో, ముఖ్యంగా రిటుక్సిమాబ్ మొదలయ్యాక అది లేచి కాలేయాన్ని కూల్చగలదు. అందుకే చికిత్సకు ముందే సర్ఫేస్ యాంటిజెన్ (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందని చెప్పేది), కోర్ యాంటీబాడీ (ఎప్పుడో ఒకసారి తగిలిందని చెప్పేది) పరీక్షలు చేస్తారు. పాజిటివ్ వస్తే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలు, టీకా కాదు.

ఈ పరీక్షలను ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక చేస్తే తప్పుదారి పట్టిస్తాయి. ఆ సీసాలో వేలాది దాతల యాంటీబాడీలు ఉంటాయి. ఎప్పుడూ టీకా వేయించుకోని మనిషికి కూడా రిపోర్టులో రక్షణ ఉన్నట్టు, ఎప్పుడూ వైరస్ తగలని మనిషికి కోర్ యాంటీబాడీ పాజిటివ్ అన్నట్టు వస్తుంది. అవి సుమారు మూడు వారాలకోసారి సగమవుతూ తరిగిపోతాయి. రక్తం తీసింది ఆ సీసాకు ముందా, తర్వాతా అన్నది రిపోర్టు మీద రాసి ఉండదు, డాక్టరుకు చెప్పాల్సింది రోగి తరఫువాళ్లే.